సెకండ్ బండిగా పికప్ కొనాలంటే ఎలా చూసుకోవాల? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళ కోసం

ఇంట్లో ఆల్రెడీ ఒక కారు, రెండు టూవీలర్లు ఉండి, సరుకుకి పనికొచ్చే బండి ఇంకొకటి ఉంటే బాగుండు అనుకునేవాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు. మామిడి తోట ఉన్నోళ్ళు, నాలుగు ఆవులు పెట్టుకొని డెయిరీకి పాలు పోసేవాళ్ళు, తిరుపతిలో చిన్న షాపు నడుపుతా వేలూరు నుంచో చెన్నై నుంచో సరుకు తెచ్చుకునేవాళ్ళు, కేటరింగ్ వాళ్ళు, షామియానా వాళ్ళు, అందరూ అడిగేది ఒకటే, అన్నా ఏ బండి తీసుకోవాల అని. బండి పేరు చివర్లో చూసుకోవచ్చు. అంతకంటే ముందు రెండు విషయాలు తేల్చుకోండి, మామూలు రోజున ఎంత బరువు ఎక్కిస్తారు, నంబర్ ప్లేటు పసుపా తెలుపా. ఈ రెండూ తేలినాయంటే మీ లిస్టులో ఉండే బండ్లలో ముక్కాలు భాగం అవే పక్కకి పోతాయి.

1. ముందు బాడుగ లెక్క రాయండి

షోరూంకి పోకముందే కూర్చొని, పోయిన సంవత్సరం మొత్తం బాడుగ బండ్లకి ఎంత ఇచ్చినారో రాయండి. ఫోన్‌పే హిస్టరీలో సగం దొరుకుతాది, మిగతాది ఇంట్లో నలుగురినీ అడిగితే గుర్తొస్తాది. ఏం సరుకు, ఎంత బరువు, యాడ నుంచి యాడికి, బాడుగ ఎంత, అంతే చాలు.

రాసినాక చూస్తే రెండు రకాల పని కనపడతాది. ఒకటి ఏడాది పొడుగునా వారం వారం ఉండేది, పాలు, దాణా, కూరగాయలు, షాపు సరుకు. రెండోది సీజన్ పని, జూన్ జులైలో తోతాపురి కోతకొస్తే దామలచెరువుకో బంగారుపాళెం మార్కెట్‌కో గుజ్జు ఫ్యాక్టరీకో టన్నులు టన్నులు తోలేది. బండి ఎప్పుడైనా మొదటి రకం పనికి సరిపోయేది కొనాల, రెండో రకానికి బాడుగకి పిలుచుకోవడమే మేలు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు, సీజన్‌లో బండి దొరక్క పడ్డ తిప్పలు మనసులో పెట్టుకొని పెద్ద బండి తీసుకుంటారు, సీజన్ అయిపోయినాక అది రెండు మూటల దాణా కోసం డీజిల్ తాగతా తిరగతా ఉంటాది. పైగా సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు ముందర క్యూ కట్టినప్పుడు సొంత బండి అయితే మీరు కూడా దాంతోపాటు అక్కడే పడుంటారు, తోటలో కోత చూసుకునేది ఎవరు?

ఇంకో పక్క బండి కదలకపోయినా పెట్టాల్సిన ఖర్చు రాయండి. ఈఎంఐ, ఇన్సూరెన్స్, టాక్స్, ఫిట్‌నెస్ (బండి రోడ్డుకి పనికొస్తాదని ఇచ్చే సర్టిఫికెట్), ఊరికే నిలబెట్టినా పాడయ్యే బ్యాటరీ, టైర్లు. బాడుగ మొత్తం దీనికి దగ్గరగా కూడా రాకపోతే బండి కొనొద్దండి, నేరుగా చెప్తున్నా. దగ్గర్లోకి వస్తే మాత్రం సొంత బండికే ఓటు, ఎందుకంటే తెల్లారి 4 గంటలకి మార్కెట్‌కి పోవాలంటే ఎవరికీ ఫోన్ చేసే పని లేదు, ఆ సుఖం లెక్కలో రాదు కానీ నిజంగా ఉంటాది.

2. బరువు కిలోల్లో రాయండి

"కొంచెం లోడే అన్నా" అనే మాట బండి కొనేటప్పుడు పనికిరాదు. సిమెంట్ బస్తా 50 కేజీలు. 40 లీటర్ల పాల క్యాన్ నిండితే పాలే 40 కేజీల పైన, క్యాన్ బరువు వేరే. ప్లాస్టిక్ క్రేట్లో మామిడో టమాటానో నింపితే సుమారు 20 నుంచి 25 కేజీలు. ఇట్లా మీ మామూలు లోడు వేసుకోండి.

ఇప్పుడు బండ్ల వైపు చూడండి. మారుతి సూపర్ క్యారీ పెట్రోల్ బండి 740 కేజీలు మోస్తాది, అదే బండి సీఎన్‌జీలో తీసుకుంటే 625 కేజీలే, సిలిండర్ల బరువు అందులోనే పోతాది కాబట్టి. టాటా ఏస్ ప్రో 750 కేజీలు. అంటే ఈ సైజు బండిలో 15 సిమెంట్ బస్తాలు ఎక్కిస్తే కోటా అయిపోయినట్టే, క్రేట్లయితే ఓ 30. టాటా ఇంట్రా వీ30 దగ్గరికి వస్తే 1300 కేజీలు. మహీంద్రా బొలేరో మ్యాక్స్ పికప్‌లో మోడల్‌ని బట్టి 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా ఉండాయి. అశోక్ లేలాండ్ దోస్త్, బడా దోస్త్ కూడా ఈ మధ్యలోనే వస్తాయి.

కొన్ని సరుకులు బరువు ఉండవు, చోటు తింటాయి. పశువుల మేత, కేటరింగ్ సామాన్లు, కుర్చీలు, పరుపులు. అలాంటివాళ్ళు కేజీలు కాదు, వెనక బాడీ పొడవు చూసుకోవాల. సూపర్ క్యారీ బాడీ 7 అడుగుల పైన కొంచెం, ఇంట్రా వీ30 బాడీ 9 అడుగులకి కొంచెం తక్కువ. టేప్ తీసుకొని షోరూంలో కొలవండి, ఎవరూ ఏమనుకోరు. బోరుకి వేసే 20 అడుగుల పైపులు వీటిలో దేంట్లోనూ పూర్తిగా పట్టవు, వెనక్కి పొడుచుకొని వస్తాయి, రాత్రిపూట హైవే మీద వెనకాల బైకులో వచ్చేవాడికి ఆ పైపు కొన కనపడదు. లోడు పక్కలకి గానీ వెనక్కి గానీ హద్దు దాటితే చట్టంలో 20 వేల జరిమానా ఉంది, అది పక్కన పెడితే వెనక వచ్చేవాడి ప్రాణం. పైపుల పని ఏడాదికి ఒకసారే కదా, దానికి పెద్ద బండి పిలవండి.

ఓవర్‌లోడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినాక ఓవర్‌లోడ్‌కి 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2 వేలు. "మన రోడ్లో ఎవరు ఆపుతారు" అనుకుంటారు గానీ యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది లోడే.

3. పసుపు ప్లేటా, తెల్ల ప్లేటా

మొదటిసారి కొనేవాళ్ళు దీన్ని అస్సలు పట్టించుకోరు, కానీ జీవితం మొత్తం బండితో పాటు ఉండేది ఇదే. ఏస్, ఇంట్రా, సూపర్ క్యారీ, దోస్త్, బొలేరో పికప్, ఇవన్నీ గూడ్స్ బండ్లు, పసుపు ప్లేటే. మీ సొంత సరుకే వేసుకుంటారు, బాడుగకి తోలరు అయినా సరే. ఐసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి డబుల్ క్యాబిన్ బండ్లని మాత్రం తెల్ల ప్లేటు మీద సొంత బండిగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఏ మోడల్ ఏ ప్లేటుకి వస్తాదో డీలర్ నోటిమాటగా చెప్తే సరిపోదు, కొటేషన్ మీద రాయించుకోండి, అడ్వాన్స్ కట్టకముందే.

పసుపు ప్లేటుతో ఏమొస్తాదంటే, కొత్త బండికి 2 సంవత్సరాలు ఫిట్‌నెస్ ఉంటాది, తర్వాత 8 ఏళ్ళ వయసు దాకా రెండేళ్ళకోసారి, ఆ పైన ప్రతి ఏడాదీ చేయించాల. గూడ్స్ బండికి 80 కిలోమీటర్ల స్పీడ్ లిమిటర్ ఉంటాది, రేణిగుంట దాటి చెన్నై రోడ్డు ఎక్కినా అంతకంటే పోదు, నాకైతే అది మంచిదే అనిపిస్తాది. టోల్ దగ్గర టాటా ఏస్ లాంటి మినీ బండ్లకి కారు క్లాసే పడతాది, కానీ 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ కమర్షియల్ బండ్లకి ఇవ్వరు, సొంత కార్లకి మాత్రమే. రోజూ టోల్ దాటే పని ఉంటే ఇది లెక్కలో వేసుకోండి.

పర్మిట్ గురించి చాలామంది భయపడతారు. ఆర్‌సీలో జీవీడబ్ల్యూ అని ఉంటాది, అంటే బండి బరువు, లోడు బరువు కలిపి మొత్తం. అది 3000 కేజీలు దాటకపోతే చట్టం ప్రకారం గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు. మనకి ఇటు తమిళనాడు బోర్డర్, అటు కర్ణాటక బోర్డర్, చిత్తూరు నుంచి వేలూరు గంట కూడా పట్టదు, అందుకని ఈ 3000 గీత మనవైపు వాళ్ళకి చాలా ముఖ్యం. సెకండ్ బండికి నా ఓటు ఎప్పుడూ ఈ గీత కింద ఉండేదానికే. పికప్‌లలో ఒకే పేరు మీద ఈ గీతకి అటూ ఇటూ రెండు రకాలూ ఉంటాయి కాబట్టి పేరు చూడొద్దు, నంబర్ చూడండి.

లైసెన్స్ సంగతి. కారు లైసెన్స్, అంటే ఎల్ఎంవీ ఉంటే 7500 కేజీల లోపు జీవీడబ్ల్యూ ఉండే గూడ్స్ బండి తోలొచ్చు, దానికి లైసెన్స్‌లో కమర్షియల్ బండికని వేరే రాయించుకునే ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో తేల్చి చెప్పింది. సో మీ కారు తోలే పిల్లోడే దీన్ని కూడా తోలొచ్చు.

ఇప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాల. గూడ్స్ బండి వెనక మనుషుల్ని ఎక్కించొద్దు. పెళ్ళిళ్ళకి, గంగమ్మ జాతరకి, కూలి పనికి, ఇంట్లో బండి ఉంది కదా అని ఇరవై మందిని నిలబెట్టి తీసుకుపోవడం మనవైపు రోజూ చూస్తాం. వెనక పట్టుకోవడానికి ఏమీ ఉండదు, సీటు లేదు, బెల్టు లేదు, మలుపులో ఒక పక్కకి ఒరిగితే అందరూ ఒక్కసారే ఒక పక్కకి పడతారు, బండి దాంతోనే తిరగబడతాది. ఇన్సూరెన్స్ కూడా వెనక ఎక్కినోళ్ళకి వర్తించదు. బండి మీ పేరు మీద ఉంటాది కాబట్టి అడిగినోళ్ళకి లేదనే చెప్పండి, అలిగితే అలగనీండి. మనుషులూ సరుకూ రెండూ తీసుకుపోవాల్సిన పని నిజంగా ఉంటే బొలేరో క్యాంపర్ లాంటి డబుల్ క్యాబిన్ చూడండి, సీట్లలో కూర్చోబెట్టి తీసుకుపోవచ్చు.

4. ఇప్పుడు బండి

నా లెక్కలో మూడు గుంపులు.

చిన్నవి. ఏస్, ఏస్ ప్రో, సూపర్ క్యారీ, మహీంద్రా జీతో, సుప్రో. తిరుపతి సందుల్లో, భవానీ నగర్ వైపో గాంధీ రోడ్డులోనో సరుకు దించాలంటే ఇదే సైజు. ఏస్ 2005లో వచ్చింది, దాంతో ఊరూరా మెకానిక్కులకి దాని పని తెలుసు, స్పేర్లు చిన్న టౌన్లో కూడా దొరుకుతాయి. ఏస్ ప్రో 2025 జూన్‌లో వచ్చినప్పుడు ఎక్స్ షోరూం 3.99 లక్షల నుంచి మొదలైంది. సూపర్ క్యారీలో 1.2 లీటర్ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, కారు తోలే అలవాటున్నోళ్ళకి తోలడానికి సుఖంగా ఉంటాది, చప్పుడు తక్కువ. వారానికి నాలుగైదు ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పు ముప్పై నలభై కిలోమీటర్ల లోపు, లోడు 600 దాటదు అంటే ఇంక పైకి చూడొద్దు, ఇక్కడే ఆగిపోండి. మన జిల్లాల్లో సెకండ్ బండి కావాలనుకునే ఇళ్ళలో ఎక్కువ మందికి ఇదే సరిపోతాదని నా నమ్మకం.

మధ్యవి. ఇంట్రా, దోస్త్, బొలేరో పికప్. పలమనేరు, పుంగనూరు వైపు కూరగాయలు వేసుకొని మదనపల్లె మార్కెట్‌కి రెగ్యులర్‌గా పోయేవాళ్ళకి, డెయిరీ క్యాన్లు పదిహేను ఇరవై ఉండేవాళ్ళకి ఇవి. ఇంట్రాకి పవర్ స్టీరింగ్ ఉంటాది, లోడుతో తిప్పినా చేతులు నొప్పి పుట్టవు. బొలేరో పికప్ మట్టి రోడ్డుకి గట్టిది, తోటలోకి దిగి ఎక్కి వస్తాది, అమ్మేటప్పుడు కూడా రేటు వస్తాది, కాకపోతే ఖాళీగా పోయేటప్పుడు వెనక కమాన్లు, అంటే పట్టీల స్ప్రింగులు, ఎగరేస్తాయి, ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకొని హాస్పిటల్‌కి పోవడానికి ఇది పనికొచ్చే బండి కాదు.

పెద్ద డబుల్ క్యాబిన్లు. వీ-క్రాస్, హైలక్స్. చూస్తే మనసు లాగతాది, నేను కాదనను. ఐసుజు ఫ్యాక్టరీ మన శ్రీసిటీలోనే ఉంది, 2016లో మొదలైంది, అంటే మన జిల్లాలో తయారయ్యే పికప్, అది వినడానికి కూడా గర్వంగానే ఉంటాది. కానీ ఇవి రెండూ 5.3 మీటర్ల పొడవు, అంటే 17 అడుగుల పైన, మీ ఇంటి ముందు ఆల్రెడీ కారు ఉంటే ఇది యాడ పెడతారు? హైలక్స్ మోసేది 500 కేజీల లోపే, 4 లక్షల ఏస్ ప్రో దానికంటే ఎక్కువ మోస్తాది. రేటు చూస్తే పాతిక ముప్పై లక్షల లెక్క. అందుకని ఇది సెకండ్ బండిగా కాదు, ఉన్న ఎస్‌యూవీ అమ్మేసి దాని బదులు ఒక్కటే బండి పెట్టుకునేవాళ్ళు, కొండ కింద ఫోర్ బై ఫోర్ అవసరం ఉన్న తోట ఉన్నోళ్ళు తీసుకుంటే అర్థం ఉంటాది. ఐసుజులోనే ఎస్-క్యాబ్ అని తక్కువ రేటులో డబుల్ క్యాబిన్ ఉంది, పనోళ్ళనీ పనిముట్లనీ కలిపి తీసుకుపోయే కాంట్రాక్టర్లకి అది చూడదగ్గది.

కొత్తది తీసుకునేవాళ్ళకి ఇంకో సంగతి, సరుకు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. మీ షాపుకి జీఎస్టీ నంబర్ ఉంటే, షాపు పేరు మీద బిల్లు చేయించుకుంటే గూడ్స్ బండి మీద కట్టిన జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీ షాపు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేలా, తీసుకోవచ్చు, కారుకి అది మామూలుగా రాదు. ఆడిటర్‌ని బుకింగ్‌కి ముందే అడగండి, ఇన్వాయిస్ అయిపోయినాక పేరు మార్చడం పెద్ద తలనొప్పి.

5. పెట్రోలా డీజిలా సీఎన్‌జీనా

సెకండ్ బండి అంటే తక్కువ తిరిగే బండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (పొగ తగ్గించే కొత్త రూలు) డీజిల్ బండ్లలో చాలావాటికి పొగ పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటాది, డీపీఎఫ్ అంటారు. అది శుభ్రం కావాలంటే ఇంజన్ బాగా వేడెక్కి కొంతసేపు ఒకే స్పీడులో పోవాల. రోజూ మూడు కిలోమీటర్లు డెయిరీకి పోయి వచ్చేస్తే ఆ ఫిల్టర్ మూసుకుపోతాది, లైటు వెలగతాది, వర్క్‌షాప్‌కి పోవాల. అందుకని చిన్న చిన్న దూరాలు తిరిగేవాళ్ళకి పెట్రోలే. నెలకి రెండు మూడు వేల కిలోమీటర్లు లోడుతో తిరిగితే అప్పుడు డీజిల్ గురించి ఆలోచించండి.

సీఎన్‌జీ టౌన్లో తిరిగేవాళ్ళకి ఖర్చు తక్కువే, కానీ మీ దారిలో బంకు ఉందా, క్యూ ఎంతసేపు ఉంటాది పోయి చూసి రండి, ఘాట్ ఎక్కేటప్పుడు లోడుతో లాగే బలం తగ్గుతాదని కూడా గుర్తు పెట్టుకోండి. ఎలక్ట్రిక్‌లో ఏస్ ఈవీ ఉంది, టౌన్ లోపలే ఒకే రూటులో తిరిగి రాత్రికి ఇంటికొచ్చే పని అయితే చూడొచ్చు.

6. లోడుతో టెస్ట్ డ్రైవ్

ఖాళీ బండిని షోరూం చుట్టూ తిప్పి ఓకే అనేస్తే ఏమీ తెలీదు. సేల్స్ వాళ్ళని అడగండి, లోడుతో డెమో కావాల అని, చాలాచోట్ల ఇస్తారు, ఇవ్వకపోతే తెలిసినోళ్ళ దగ్గర అదే మోడల్ ఉంటే ఒక పూట బాడుగకి తీసుకొని మీరే తోలండి. ఆ బాడుగ డబ్బులు వేస్ట్ కాదు.

యాడికి పోవాలంటే మీ పని ఉండే రోడ్డుకే. చిత్తూరు నుంచి పలమనేరు పోయేవాళ్ళయితే మొగిలి ఘాట్, తిరుపతి నుంచి మదనపల్లె వైపు పోయేవాళ్ళయితే భాకరాపేట ఘాట్. ఎక్కడం ఏ బండైనా కొంచెం మూలుగుతా ఎక్కుతాది, చూడాల్సింది దిగడం. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కినారో దిగేటప్పుడు కూడా అదే గేరులో దిగండి, బ్రేకు అప్పుడప్పుడు తొక్కి వదలండి. అట్లా దిగినాక బ్రేకు కాలిన వాసన వస్తే, పెడల్ మెత్తగా లోపలికి పోతే ఆ లోడు ఆ బండికి ఎక్కువ అని అర్థం. న్యూట్రల్‌లో దింపితే డీజిల్ మిగులుతాదని చెప్పేవాళ్ళ మాట మాత్రం ఎప్పుడూ వినొద్దు, ఈ రెండు ఘాట్లలో ఎన్ని ప్రాణాలు పోయినాయో మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఖాళీగా కూడా ఒకసారి వానలో తోలి చూడండి కుదిరితే. వీటికి వెనక చక్రాలకే పవర్ పోతాది, వెనక బరువు లేకపోతే తడి రోడ్డులో గట్టిగా బ్రేకు కొడితే తోక పక్కకి జరుగుతాది. కారు తోలిన చేతికి ఇది కొత్త, ఇంట్లో తోలే ప్రతి ఒక్కరికీ ఇది ముందే చూపించండి.

7. పాతది తీసుకుంటే

పాత కమర్షియల్ బండి అంటే ఓనర్ వెనకాల దాక్కున్న ఓవర్‌లోడ్ చరిత్ర. అందుకని ముందు కిందకి వంగండి, పైన పెయింటింగ్ తర్వాత. చాసిస్ పొడవునా టార్చి వేసి చూడండి, వెల్డింగ్ మచ్చలు, వెనక ఇరుసు పైన వంపు, కొత్తగా అక్కడక్కడే పూసిన నల్ల పెయింట్, ఇవి ఉంటే వదిలేయండి. కమాన్ కట్టల్లో పట్టీలు ఎన్ని ఉన్నాయో షోరూం బండితో పోల్చండి, ఎక్స్‌ట్రా పట్టీ వేసి ఉంటే ఆ బండి ఏం మోసిందో అదే చెప్తాది. బండిని చదునైన చోట నిలబెట్టి వెనక నుంచి చూడండి, ఒక పక్కకి వంగి ఉందా అని.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాల. మీరు పోయేలోపే వేడి చేసి పెట్టి ఉంటే ఇంకో రోజు తెల్లారే వస్తామని చెప్పండి. స్టార్ట్ అయినాక ఆయిల్ పోసే మూత తీయండి, ఆవిరి గట్టిగా పుక్ పుక్ అని తన్నుతా ఉంటే ఇంజన్ లోపల పిస్టన్ రింగులు అయిపోయినట్టే. నీలం పొగ అంటే ఆయిల్ కాలతా ఉంది. మీకు తెలిసిన మెకానిక్‌నే తీసుకుపోండి, అమ్మేవాడు చూపించిన మెకానిక్ వద్దు.

2021 నవంబర్‌లో తిరుపతిలో వచ్చిన వరద గుర్తుంది కదా, అంతకుముందు రిజిస్టర్ అయిన లోకల్ బండి అయితే సీటు కింద, డ్యాష్‌బోర్డ్ లోపల, వైరింగ్ కనెక్టర్లలో ఎండిన బురద, తుప్పు చూడండి. ప్లేటు మీద ఏపీ 03 అని ఉంటే 2019కి ముందు బండి, ఏపీ 39 అంటే ఆ తర్వాతది, బండి వయసు గురించి ఎవరైనా మాటలు చెప్తే దీంతో ఒక అంచనా దొరుకుతాది, కానీ వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేసిన పాత బండికి కూడా ఏపీ 39 రావచ్చు, ఆర్‌సీలో తేదీ చూసుకోండి.

వేలూరు నుంచో బెంగళూరు నుంచో తక్కువకి వస్తాదంటే ఒక్క నిమిషం ఆగండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తేవాల, ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్, మళ్ళీ టాక్స్. అన్నీ కలిపితే ఆ తేడా మిగలదు చాలాసార్లు.

కాగితాల్లో ఆర్‌సీ, ఫిట్‌నెస్, టాక్స్, పొల్యూషన్, ఇన్సూరెన్స్ ఎంపరివాహన్ యాప్‌లో మీరే నంబర్ కొట్టి చూసుకోండి, చలాన్లు కూడా అక్కడే. ఫైనాన్స్ ఉంటే లోన్ తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకోగానే ట్రాన్స్‌ఫర్‌కి పెట్టేయండి, తర్వాత చూద్దాం అంటే అది తర్వాత కాదు. ఫిట్‌నెస్ అయిపోయిన బండి అయితే అమ్మేవాడితోనే చేయించి తీసుకోండి, ఫిట్‌నెస్ పాస్ అవ్వడమే ఒక మంచి చెకింగ్.

8. ఇన్సూరెన్స్, ఇక్కడ తొందరపడొద్దు

కారు ఇన్సూరెన్స్ లాగే ఉంటాదనుకుంటే బిల్లు చూసి షాక్ అవుతారు. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ రేట్లలో 1000 నుంచి 1500 సీసీ సొంత కారుకి ఏడాదికి 3,416 రూపాయలైతే, 7500 కేజీల లోపు గూడ్స్ బండి బాడుగకి తోలేదైతే 16,049. అదే బండి మీ సొంత సరుకుకి మాత్రమే అయితే, ప్రైవేట్ క్యారియర్ అంటారు, 8,510. ఈ తేడా ఏజెంట్ అడిగితే తప్ప చెప్పడు. కానీ తక్కువ ప్రీమియం కోసం సొంత సరుకు అని రాయించి, ఖాళీ రోజుల్లో బాడుగకి తోలితే క్లెయిమ్ అప్పుడు ఇబ్బంది. ఏది చేస్తారో అదే రాయించండి.

ఇంకొకటి, కమర్షియల్ పాలసీలో లైట్లు, టైర్లు, బంపర్, మడ్‌గార్డులు విడిగా దెబ్బ తింటే మామూలుగా రావు, ఐఎంటీ 23 అనే యాడ్‌ఆన్ తీసుకుంటేనే వస్తాయి. సందుల్లో తిరిగే బండికి మొదట తగిలేవే అవి, తప్పకుండా తీసుకోండి. జీతం డ్రైవర్ని పెట్టుకుంటే అతని కోసం లీగల్ లయబిలిటీ కవర్ వేయించండి, కొంచెం డబ్బులే. వెనక వేసిన సరుకుకి మాత్రం ఈ పాలసీ ఏమీ ఇవ్వదు, ఖరీదైన సరుకు తోలేవాళ్ళు దానికి వేరే చూసుకోవాల.

9. బండి ఇంటికొచ్చినాక

మంచి టార్పాలిన్ పట్ట, రెండు గట్టి మోకులు, వెనక అడ్డం పెట్టడానికి చెక్క దిమ్మెలు రెండు, రేడియం స్టిక్కర్లు. ఇవి బండితో పాటే కొనేయండి. బాడీ ఎత్తు పెంచమని, పక్కలకి ఇనుప కటకటాలు పైదాకా కట్టించమని చెప్పేవాళ్ళు ఉంటారు, అట్లా చేస్తే ఫిట్‌నెస్ దగ్గర నిలబెట్టేస్తారు, పైకి లోడు పెరిగేకొద్దీ మలుపులో ఒరుగుడు కూడా పెరుగుతాది.

మొదటి లోడు వేసినప్పుడు దగ్గర్లో వేబ్రిడ్జి ఉంటే కాటా వేయించండి, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి. మీ కళ్ళకి 600 కేజీలు అంటే ఎట్లా ఉంటాదో అప్పుడు తెలుస్తాది, ఇంక ప్రతిసారీ కాటా అక్కర్లేదు. బరువు ముందు వైపు, క్యాబిన్‌కి ఆనించి ఎక్కించాల, వెనక చివర్లో బరువు పెడితే స్టీరింగ్ తేలికైపోతాది. టైర్ల గాలి లోడుకి ఒకటి, ఖాళీకి ఒకటి, డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటాది, బంకు పిల్లోడు అందరికీ ఒకటే కొడతాడు, మీరే నంబర్ చెప్పండి. మొదటి నాలుగైదు లోడ్లు తిరిగినాక వీల్ నట్లు, వెనక కమాన్లని పట్టుకునే యూ బోల్టులు ఒకసారి టైట్ చేయించండి, కొత్త బండిలో అవి సర్దుకుంటా కొంచెం వదులవుతాయి, ఫస్ట్ సర్వీస్‌లో వాళ్ళే చేస్తార్లే అనుకోకుండా జాబ్‌కార్డులో రాయించండి.